కొండకో జెట్టు, దిగువకో జెట్టు

లైన్ క్యాంపు, కొండ మీద

బావకి,

బండి చేరింది. నేనూ చేరాను. ముందు బండి పేరెత్తానని అక్క మూతి ముడుచుకుంటుంది, ఏం చేయను, బండే ముందు చేరింది. ఆఖరి మలుపులో దాన్ని తోసుకుంటూ వచ్చాను కదా, ముందు చక్రమే క్యాంపు గేటు దాటింది.

సెలవులో నీ షెడ్డులో మనం దీనికి చేసిన వైద్యం గుర్తుందిగా. బోరు పెంచి పెద్ద పిస్టన్ వేశాం, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత కోసేశాం, పాత సైలెన్సర్ పీకి తేలికది బిగించాం. దిగువన గుర్రంలా పరిగెత్తింది. ఇక్కడికొచ్చేసరికి ఉబ్బసం వచ్చిన ముసలాయన అయిపోయింది. ఎత్తు మీద ఎక్సిలేటర్ పూర్తిగా తిప్పితే గుడగుడమంటుంది తప్ప లాగదు. వెనకాల నల్లటి పొగ. మా వంటమనిషి దీనికి కుంపటి అని పేరు పెట్టాడు.

నవ్వులాటకి రాస్తున్నాను గానీ నాకు దీంతో చాలా పని. కరెంటు తీగ వెంబడే కొండల్లో తిరిగి, ఏ స్తంభం ఒరిగింది, తీగని మోసే ఏ పింగాణీ గిన్నె పగిలింది చూసుకోవాలి. మంచు పడేలోపు అవతలి శిఖరం దాకా ఒక చుట్టు పూర్తి కాకపోతే చలికాలమంతా ఊళ్లు చీకట్లో ఉంటాయి. నడిచి ఆ పని అయ్యేది కాదు. బండి మీద చేస్తానని సూపర్‌వైజర్ దగ్గర గొప్పలు పోయి వచ్చాను. కార్బరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్టు ఏది వేయాలో చెప్పి నా పరువు కాపాడు.

అక్క కుట్టిన సీటు మాత్రం అదిరింది. రాళ్లలో ఎగిరెగిరి పడ్డా ఒక్క కుట్టు ఊడలేదు.

మీ
ఉడత


రిపేరు షెడ్డు, దిగువ ఊరు

ఒరేయ్ ఉడతా,

నీ బండికి జబ్బేమీ లేదు, అరగడం లేదు అంతే. మనం బోరు పెంచి, డబ్బా మూత కోసి, గాలి ఎక్కువ పోయేలా చేశాం. దానికి తగ్గట్టు పెట్రోలు కూడా పోవాలని 135 నంబరు మెయిన్ జెట్టు వేసి పంపాను. ఇక్కడి గాలికి అది సరిపోయింది. నువ్వున్న ఎత్తులో గాలే పలచన. గాలి తగ్గింది, పెట్రోలు మాత్రం అంతే పోస్తోంది. మింగుడుపడక పొగ కక్కుతోంది. జెట్టు రంధ్రం చిన్నది కావాలి.

ఎంత చిన్నదో ఇక్కడ కూర్చుని చెబితే అది జోస్యం అవుతుంది. 130, 128, 125 మూడూ పంపుతున్నాను. ఒకే ఎత్తు ఎంచుకో, రోజూ అదే ఎక్కు. ఎక్సిలేటర్ పూర్తిగా తిప్పి ఎక్కుతూ, క్లచ్ పట్టి ఇంజన్ ఆపేసి, అక్కడికక్కడే ప్లగ్ తీసి చూడు. మసి నలుపు ఉంటే ఇంకా చిన్న జెట్టు. సున్నంలా తెల్లబడితే మరీ చిన్నదైపోయినట్టు. కాల్చిన ఇటుక రంగు వస్తే అక్కడ ఆగు. ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు కలిపి మార్చావో, ఏది మంచి చేసిందో ఏది చెడు చేసిందో నీకే తెలియదు.

నీ బావ

ఒరేయ్ తమ్ముడూ, కుట్టుకి నేను పూచీ, ఆ సీటు మీద కూర్చునేవాడికి కాదు. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ఈయనకి భోజనం దగ్గర కూడా జెట్లే. నిన్న నీళ్ల గ్లాసులో ఒకటి దొరికింది. పళ్లతో కొరికి చూసి 128 అని చెప్పాను. మీ బావ నమ్మాడు. — అక్క


లైన్ క్యాంపు

బావకి,

130తో పొగ కాస్త తగ్గింది, గుడగుడ తగ్గలేదు. 128తో ఎక్కింది గానీ మూలుగుతూ ఎక్కింది. 125 వేశాను, శిఖరం దాకా ఒక్క పట్టున లాగేసింది. ప్లగ్ సరిగ్గా నువ్వన్న ఇటుక రంగు. నేను ప్లగ్ తీసినప్పుడల్లా వంటమనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చి, డాక్టర్ నాలుక చూసినట్టు వంగి చూస్తాడు. తల పంకిస్తాడు. ఆయనకి ఏం అర్థమవుతుందో దేవుడికెరుక.

ఒక్క చిక్కు మిగిలింది. ఎక్సిలేటర్ సగంలో ఉన్నప్పుడు తడబడుతోంది. రాళ్ల దారుల్లో నేను ఎక్కువసేపు ఉండేది ఆ సగంలోనే. ఇంకా చిన్న మెయిన్ జెట్టు వేయనా?

అక్కా, 128ని కొరికి చెప్పావంటే ఇక షెడ్డు బోర్డు మీద నీ పేరు రాయించాల్సిందే. బావ పేరు కింద చిన్న అక్షరాల్లో.

ఉడత


రిపేరు షెడ్డు

ఉడతా,

మెయిన్ జెట్టు జోలికి పోకు. అది ఎక్సిలేటర్ బాగా తిప్పినప్పుడే మాట్లాడుతుంది. సగంలో పెత్తనం కార్బరేటర్ లోపలి సూదిది. పైన మూత విప్పితే సూదికి గాడులూ, ఒక గాడిలో క్లిప్పూ కనిపిస్తాయి. క్లిప్పుని ఒక్క గాడి పైకి జరుపు. సూది కిందికి దిగి పెట్రోలు దారి ఇరుకవుతుంది. తడబాటు పోతుంది.

ఈ ఉత్తరం ఆలస్యమైంది. పనుల మీద రెండుమూడుసార్లు పట్నం వెళ్లాల్సి వచ్చింది.

బావ

సూది గురించి నన్నడగాలి గానీ ఈయన్ని అడుగుతావేం. — అక్క


లైన్ క్యాంపు

బావకి,

సూది సంగతి అక్షరాలా నువ్వు చెప్పినట్టే అయింది. బండిప్పుడు పిల్లిలా నడుస్తోంది. అవతలి శిఖరం దాకా వెళ్లి ఒరిగిన స్తంభాలన్నిటికీ సున్నంతో గుర్తులు పెట్టి వచ్చాను. సూపర్‌వైజర్ మెచ్చుకోలేదు గానీ తన టీలో సగం నాకు పోశాడు, ఆయన లెక్కలో అది సన్మానమే.

వానలకి కింది రోడ్డు తెగిపోయింది. బస్సులు లేవు. టపా గుర్రాల మీద వస్తోంది, అందుకే నీకు ఇది ఎప్పుడు చేరుతుందో తెలియదు.

ఒక మాట. అక్క రాసిన ఒక్క వాక్యమూ గీత మీద నిలబడలేదు. అక్షరాలు ఒరిగిన స్తంభాల్లా ఉన్నాయి. బస్సులో కూర్చుని రాసిందా? పట్నం ఇద్దరూ వెళ్లారా?

ఉడత


రిపేరు షెడ్డు

ఉడతా,

బండి కుదిరినందుకు సంతోషం. పొద్దున చలికి స్టార్టు కావడం కష్టమైతే పైలట్ జెట్టు చూడాలి. అది చిన్న జెట్టు, ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు దానిదే పని. చోక్ లేకుండా అందుకుంటే దాన్ని కదపకు. అందుకోకపోతే రాయి, పంపుతాను.

అక్క నిన్ను అడిగానని రాయమంది. కుట్టుపని ఎక్కువగా ఉంది, సీట్లు వచ్చిపడుతున్నాయి. చలికి చెవులు కప్పుకోమంది.

బావ


లైన్ క్యాంపు

బావా,

పైలట్ జెట్టు సంగతి తర్వాత చూద్దాం.

వానాకాలంలో సీట్లు కుట్టించుకోవడానికి ఎవరూ రారు. నేను ఆ షెడ్డులోనే పెరిగాను. ఈ రోజుల్లో అక్క మిషను మీద గుడ్డ కప్పి, గుమ్మంలో కూర్చుని దారిన పోయేవాళ్లని పలకరిస్తూ ఉంటుంది. చెవులు కప్పుకోమని అక్క ఎప్పుడూ చెప్పదు. చెవులు పట్టుకుని తనే మఫ్లరు చుడుతుంది, లేకపోతే ఊడి పడనీ అంటుంది.

అక్క చేత ఒక్క ముక్క రాయించు. పేరు రాసినా చాలు.

ఉడత


రిపేరు షెడ్డు

ఉడతా,

నీకు రాయనని అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. ఇదిగో, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను.

అక్కకి కాలేయంలో గడ్డ. నువ్వు సెలవు నుంచి వెళ్లిన కొన్నాళ్లకే బయటపడింది. పట్నంలో పెద్ద డాక్టరు స్కానింగు ఫోటోలు వెలుగుకి పట్టి చూసి, ఆపరేషను దశ దాటిపోయింది, నొప్పి తెలియకుండా చూద్దాం అన్నాడు. ఆయన మంచివాడే. చెప్పేటప్పుడు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఇప్పుడు మంచం దిగడం లేదు. మాట బాగానే ఉంది, నాలుక పదును తగ్గలేదు. చెయ్యి మాత్రం వణుకుతోంది, అందుకే రాయడం మానేసింది. చలికాలం దాటదని చెప్పారు.

రా. రోడ్డు తెగింది కనుక బండి మీదే రావాలి. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. దిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది. కొండ కోసం వేసిన 125 కింద చాలదు. పెట్రోలు తక్కువై ఇంజన్ కాలిపోతుంది, పిస్టన్ పట్టేస్తే వెనక చక్రం బిగుసుకుని నిన్ను లోయలోకి విసిరేస్తుంది. రాతి వంతెన దగ్గర ఆగి 130 వెయ్యి. మైదానం తగలగానే 135, సూది క్లిప్పు పాత గాడిలోకి. పెట్రోలు కట్టేసి, ఇంజన్ చల్లారాకే విప్పు. ఆత్రపడకు. అక్కకి నువ్వు కావాలి. నువ్వు రాలేదన్న కబురు మోసుకెళ్లి ఆవిడకి చెప్పడం నా వల్ల కాదు.

బావ


లైన్ క్యాంపు

బావగారికి,

మీ దగ్గర నుంచి బయల్దేరి నిన్న తిరిగి క్యాంపు చేరాను. ఎక్కేటప్పుడు జెట్లు వరస మార్చి వేసుకున్నాను. ఇబ్బంది లేదు.

పెరట్లో నేనన్న మాట మీరు మర్చిపోయి ఉండరు. నా అక్కని నా దగ్గర దాచేశారు అన్నాను. కోపంలో అన్న మాట కాదు అది. వేసవి చివర్లోనే చెప్పి ఉంటే అక్క గుమ్మంలో కూర్చుని ఉండగా చూసేవాణ్ణి. నేను వచ్చేసరికి దుప్పటి కింద మనిషి ఉన్నట్టే తెలియలేదు. మీరు పంపు దగ్గరికెళ్లి చేతులు కడుక్కున్నారు. వాటికి మురికి లేదు.

ఉండిపోతానంటే అక్కే వెళ్లగొట్టింది. మంచు ముందు తీగలు ఇంకోసారి చూడకపోతే ఆసుపత్రులున్న ఊళ్లు కూడా చీకట్లో ఉంటాయి, నాలాంటి వాళ్లు అక్కడ ఎంతమంది ఉన్నారో నీకేం తెలుసు, పో అంది. వచ్చేశాను.

కొండ ఎలా దిగానో చెప్పమని అడిగింది. చెబుతుండగానే మందుకి నిద్రపోయింది. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. చదివి వినిపించండి.

అక్కా, తెల్లవారగానే బయల్దేరాను. మొదటి లోయలో పొగమంచు, ముందు చక్రం కూడా కనిపించలేదు, తీగల రొద విని దారి పట్టుకున్నాను. రోడ్డు తెగినచోట కొండచరియ దారికి అడ్డంగా పడుకుని ఉంది. బండిని నడిపిస్తూ, ఒక కాలు రాయి మీద, ఒక కాలు బురదలో పెట్టి దాటాను. నీ సీటు బురద తాగి నాకంటే బరువైపోయింది. వంతెన దగ్గర ఆగాలని తెలుసు, ఆగబుద్ధి కాలేదు. దాటి కొంచెం దూరం వెళ్లాక ఎక్సిలేటర్ వదిలినప్పుడల్లా సైలెన్సర్‌లో టపటపమని పేలుతోంది. పెట్రోలు చాలడం లేదని అది చెప్పడం. వెనక్కి తిప్పి వంతెన మీదికి తెచ్చి ఆపాను. ఇంజన్ చల్లారేదాకా గోడ మీద కూర్చున్నాను. కింద నీళ్లు పెద్ద చప్పుడు. ఇంత తొందరలో అలా ఊరికే కూర్చోవడం కంటే కష్టమైన పని నేను చేయలేదు. కొత్త జెట్టు చేతిలోంచి జారి రాళ్లలో పడింది. బోర్లా పడుకుని వెతికాను. దొరికింది. ఊది, బిగించి, మళ్లీ ఎక్కి వంతెన దాటాను. మైదానం తగలగానే 135 వేశాను. అక్కడి నుంచి ఇల్లు చేరేదాకా బండి ఎదురు మాట్లాడలేదు. నువ్వు మాత్రం, నేను తలుపు తీయగానే, మంచం మీద నుంచే కాళ్లు తుడుచుకుని రా అన్నావు.

మంచు మొదలైంది. కనుమ మూసేస్తారు. ఇకపై టపా సామాన్ల తొట్టిలో, కేబుల్ మీద వస్తుంది. మందులు ఏ వేళకి ఇస్తున్నారో రాయండి.

ఇట్లు
అక్క తమ్ముడు


రిపేరు షెడ్డు

ఉడతా,

అక్క పోయింది. మీ ఆఫీసు ఫోనుకి కబురు చెప్పించే వీలుంది. ఆ గరగరలో ఎవరి నోటి నుంచో నువ్వు వినకూడదని చెప్పించలేదు. ఇది తొట్టిలో ఎప్పుడొస్తుందో, నువ్వు విప్పేసరికి ఎక్కడ నిలబడి ఉంటావో తెలియదు. నిలబడి ఉంటే కూర్చో.

బాధ పడలేదు. మందు బాగా పనిచేసింది. ఆ పొద్దున కొంచెం నీళ్లు తాగి, వాడు కొండ దిగిన ఉత్తరం చదువు అంది. అంతకుముందే చాలాసార్లు చదివాను. మళ్లీ మొదలుపెట్టాను. వంతెన దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని ఆపాను. కళ్లు తెరవకుండానే అడిగింది.

“వంతెన దాటాడా?”

“దాటాడు” అన్నాను.

మళ్లీ మాట్లాడలేదు. నేను ఆఖరిదాకా చదివాను. మధ్యాహ్నం కాకముందే చెయ్యి చల్లబడింది. వీధివాళ్లంతా వచ్చారు. ఆవిడ సీట్లు కుట్టిన బండ్లన్నీ మన గుమ్మం ముందు నిలబెట్టి, ఇంజన్లు ఆపేసి నిలబడ్డారు. నువ్వు రాలేవని అందరికీ తెలుసు. నిన్నెవరూ తప్పుపట్టలేదు.

పెరట్లో నీకు జవాబు చెప్పలేకపోయాను. గోడ అవతల అక్క వింటోందని. ఇప్పుడు చెబుతాను.

జబ్బు సంగతి తెలిసిన రోజు నీకు రాస్తానన్నాను. వద్దంది. రాస్తే ఏమవుతుందో తెలుసా, వాడి ఉత్తరాలు మారిపోతాయి అంది. ఒంట్లో ఎలా ఉంది, తిన్నావా, పడుకున్నావా, అంతే ఉంటుంది ఇక. పట్నం నుంచి వచ్చేవాళ్లందరూ అవే అడుగుతున్నారు, నాకు అవి అక్కర్లేదు అంది. “వాడు జెట్ల గొడవ రాస్తున్నంతసేపూ నేను బాగున్నట్టే” అంది. ఆ మాట తర్వాత ఎలా రాయను? నీ ఉత్తరం రాగానే మంచం పక్కన కూర్చోబెట్టి పైకి చదివించుకునేది. 128 అంటే ఎంత రంధ్రం, వెంట్రుక పడుతుందా అని అడిగేది. సూది, క్లిప్పు తెచ్చి చూపించమంది. అరచేతిలో పెట్టుకుని, ఇంత చిన్నదానికి అంత కొండ ఎక్కించే బలమా అంది. వంటమనిషి ప్లగ్ నాలుక చూసిన దగ్గర నవ్వి, నొప్పితో పొట్ట పట్టుకుని, ఆపు ఆపు అని మళ్లీ చదవమంది.

నేను నీ దగ్గర దాచింది నిజమే. ఆవిడ దగ్గర నిన్ను మాత్రం దాచలేదురా. ప్రతి ముక్కా అందించాను.

షెడ్డు తెరిచాను. బండ్లు వస్తున్నాయి. సాయంత్రం తాళం వేశాక ఇంట్లో చప్పుడు ఉండటం లేదు. నువ్వు నా మీద కోపంగా ఉండు, ఫరవాలేదు. ఉత్తరాలు మాత్రం ఆపకు. ఏదో ఒకటి, బండి గురించే రాయి. వినేవాళ్లు లేరు. అయినా పైకే చదువుతాను.

బావ


లైన్ క్యాంపు

బావా,

పైకి చదువు.

కనుమ తెరిచారు. చలికాలమంతా బండి టార్పాలిన్ కింద ముడుచుకుని పడుకుంది. నిన్న బయటికి లాగి ఎంత తన్నినా పలకదు. పైలట్ జెట్టు విప్పితే రంధ్రం పూర్తిగా పూడుకుపోయి ఉంది, పాత పెట్రోలు జిగురైపోయింది. పెట్రోలులో నానబెట్టి, బ్రష్షు పీచు ఒకటి పీకి గుచ్చి, వెలుగుకి పట్టి చూశాను. అవతల సన్నటి ఆకాశం కనిపించింది. బిగించి తన్నితే మొదటి దెబ్బకే అందుకుంది. సగంలో తడబాటు లేదు. పూర్తిగా తిప్పితే శిఖరం దాకా లాగింది. మంచు బరువుకి తీగలు వేలాడాయి గానీ తెగలేదు. ఒక్క ఊరు కూడా చీకట్లో లేదు బావా, చలికాలం మొత్తం. నేను గుర్తుపెట్టి వచ్చిన స్తంభాలన్నీ వానలు తగ్గగానే నిలబెట్టారు. వంటమనిషి వెనక కూర్చుంటానని పట్టుబట్టి, మొదటి గుంతలోనే దిగిపోయి, క్యాంపుకి నడిచి వచ్చాడు. సీటు మంచిదే, తోలేవాడు మంచివాడు కాదు అన్నాడు.

ఇక్కడి నుంచి పైకి చదవకు. లోపల చదువుకో.

నీ ఉత్తరం తొట్టిలో వచ్చినప్పుడు నేను నిలబడే ఉన్నాను. చదివి, మడిచి లోపలి జేబులో పెట్టుకుని వెళ్లి మధ్యాహ్నం దాకా తీగల మీద మంచు కొట్టాను. ఎవరికీ చెప్పలేదు. వంటమనిషి ప్రతివారం అక్కకి ఎలా ఉందని అడిగేవాడు. బాగుంది అనేవాణ్ణి. చలికాలమంతా అలాగే అన్నాను. పోయిందని నేను అననంతసేపూ కొండ మీద అక్క ఉన్నట్టే ఉండేది. నీ చేత ఆవిడ ఒట్టు ఎందుకు వేయించుకుందో, అలా అబద్ధం చెబుతూ చెబుతూ నాకు తెలిసింది.

ఈ పొద్దున బండి కడుగుతుంటే మళ్లీ అడిగాడు. “అక్క పోయింది” అన్నాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి. నా గొంతే నాకు వేరే ఎవరిదో అనిపించింది. ఆయన వెళ్లి పొయ్యి ఆర్పేసి, వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. అప్పుడు ఏడ్చాను.

ఏడుస్తుండగా నువ్వు గుర్తొచ్చావు. వీధివాళ్లందరికీ ముందే తెలుసు, నాకు ఉత్తరంలో రాశావు. ఆ మాట నోరు తెరిచి నువ్వు ఎవరితోనూ అని ఉండవు.

సెలవు ఇచ్చారు. రేపు దిగుతున్నాను. వంతెన దగ్గర ఆగుతాను, చల్లారేదాకా కూర్చుంటాను, నా గురించి కంగారుపడకు. ఆ మాట నాతో చెబుదువుగాని.

ఉడత